దొరసాని కొత్త తొట్టి

బస్సు ఇంకా కదల్లేదు, ఒళ్ళో బుట్టలో ఉన్న దొరసాని మాత్రం అప్పుడే రెండుసార్లు కదిలింది. తడి గోనెగుడ్డ కింద దాని గోళ్ళు వెదురుబద్దల్ని గీరుతుంటే ఆ గీరుడు నా మోకాళ్ళకి తెలుస్తోంది, ఆగవే తల్లీ, ఒక్క గంట, చిల్లకల్లు, గౌరవరం, నవాబుపేట, అంబారుపేట, అనాసాగరం, ఆ తర్వాత నందిగామ, నందిగామలో నీ ఇల్లు, ఇల్లంటే అచ్చంగా ఇల్లే, వారానికి ఒక్క గంట కాదు, రోజూ ఎండ, కావాలంటే ఎండ, వద్దంటే నీడ, నీ ఇష్టం. నాకు నవ్వొస్తోంది. జగ్గయ్యపేట బస్టాండులో ఆదివారం మధ్యాహ్నం పూట ఇరవై నాలుగేళ్ళ లెక్కల టీచరు ఇస్త్రీ చీర మీద తడి బుట్ట పెట్టుకుని, చీర మోకాళ్ళ దగ్గర నానిపోతున్నా పట్టించుకోకుండా, ఒక తాబేలుతో లోపల్లోపల మాట్లాడుకుంటోంది, మా ఆరో తరగతి పిల్లలు చూస్తే సోమవారం నాకు క్లాసులో మర్యాద మిగలదు. కండక్టరు బుట్ట వంక అనుమానంగా చూసి కోడా అని అడిగాడు. కాదండీ, తాబేలు అన్నాను. అతను కాస్త ఆలోచించి, కోడి అయితే టాపు మీద పెట్టించేవాణ్ణి, తాబేలుకి రూలేమిటో నాకు తెలీదు, ఉంచుకోండి అని ముందుకు పోయాడు. అతనికి తెలియకపోవడం మా ఇద్దరి అదృష్టం. బస్సు ఒక్క కుదుపు కుదిపి కదిలింది, దొరసాని తల లోపలికి లాక్కుంది, నేను రెండు చేతులతో బుట్టని పొట్టకి అదుముకున్నాను.

ఇంతకీ ఆ తొట్టి. ఎన్నిసార్లు తలుచుకున్నా మళ్ళీ మొదటినుంచీ తలుచుకోవాలనిపిస్తోంది. అసలది కుడితి తొట్టి, భారతీదేవి గారి దొడ్లో సీతాఫలం చెట్టు పక్కన, పశువులు అమ్మేసినప్పటినుంచీ ఖాళీగా, ఎండుటాకులు నింపుకుని, ఒక మూల పగిలి పడి ఉంది. ఆ ఇంట్లో దిగిన నాలుగో రోజున దాన్ని చూసి, ఇది ఎవరికో ఇల్లవుతుంది అనుకున్నాను, ఎవరికో అప్పటికి తెలియదు. రత్తయ్య మేస్త్రిని పిలుచుకొస్తే అతను చుట్టూ తిరిగి చూసి, గేదెలకి కట్టాను, ఎద్దులకి కట్టాను, తాబేలుకి కట్టటం ఇదే మొదలు టీచరుగారూ అని నవ్వాడు, నవ్వితే నవ్వాడు గానీ నేను చెప్పినవన్నీ చేశాడు. పగులు పూడ్చాడు. ఒక పక్క ఇటుకలు మెట్లు మెట్లుగా పేర్చి వాలు చేశాడు, ఎందుకంటే తాబేలుకి ఈత వచ్చు గానీ గోడ ఎక్కడం రాదు, నీళ్ళలోంచి నడుచుకుంటూ బయటికి రాగలగాలి. వాలుని అతను అద్దంలా నున్నగా మెత్తుతుంటే నేనే చీపురు తెచ్చి పచ్చి సిమెంటు మీద అడ్డంగా గీతలు గీశాను, మంచి పని పాడుచేస్తున్నారు అని అతను నొచ్చుకున్నాడు, గోళ్ళు జారకుండా అని చెప్తే అప్పుడు తలూపాడు. వాలు పైన నాపరాయి పలక, పొద్దునపూట ఎండ నేరుగా దాని మీదే పడుతుంది. రెండో పక్క లోతు, పైన సీతాఫలం కొమ్మల నీడ. అడుగున మా ఊరి పాలేరు ఏటి ఇసుక, అది నేను స్వయంగా పోయిన నెల ఇదే బస్సులో సంచిలో మోసుకొచ్చాను. ఎండ, నీడ, లోతు, మెట్ట, ఇసుక, నీళ్ళు పోవడానికి కింద ఒక కంత, దానికి గుడ్డ బిరడా. ఒక్కటీ మరిచిపోలేదు. మా పిల్లలకి నేను చెప్పే లెక్కల్లో తొట్టికి రెండు గొట్టాలుంటాయి, ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది, ఎంతసేపటికి నిండుతుంది, అంతే, ఆ తొట్టి ఎవరిదో ఎందుకో ఏ లెక్కలోనూ చెప్పరు, నా తొట్టి మాత్రం దొరసానిది.

దొరసాని నాకన్నా రెండు నెలలు పెద్దది, కనీసం మా బావిలో దాని వయసు అంత. జగ్గయ్యపేట చివర మా పేటకి మిషను వాళ్ళు బావి తవ్వించిన ఏడే నేను పుట్టాను. అప్పటిదాకా మా అమ్మావాళ్ళు ఊరి బావి గట్టు కింద బిందెలు పెట్టుకుని, ఎవరైనా దయతలిచి తోడి పోసేదాకా నిలబడేవాళ్ళట. మా బావి తవ్విందీ మా నాన్నే, ఇశ్రాయేలు అంటే ఈ మెట్ట ఊళ్ళలో బావులు తవ్వించుకునే రైతులందరికీ తెలుసు, తవ్వే చోట మట్టి వాసన చూసి ఎన్ని గజాల్లో జల పడుతుందో చెప్తాడు, చాలాసార్లు తప్పు చెప్తాడు, ఆ సంగతి ఎవరూ గుర్తుపెట్టుకోరు. బావి ప్రార్థన చేసిన రోజున మిషను దొరసాని వస్తే, నీళ్ళు తేటగా ఉండాలంటే తాబేలు ఉండాలని మా వాళ్ళు అరచేతంత పిల్లని తెచ్చి ఆవిడ చేతనే వేయించారు, దానితో దీనికి ఆ పేరు వచ్చింది. బావిలో వేసి మరిచిపోవడం అందరూ చేసేదే. మా నాన్న మరిచిపోలేదు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, ఆ తెల్ల చొక్కాతోనే, గంపకి తాడు కట్టి అందులో రొయ్యపొట్టు వేసి బావిలోకి దించేవాడు, అది వచ్చి ఎక్కేది, పైకి లాగి గట్టు మీద గంటసేపు ఎండలో పెట్టేవాడు, పిల్లలం చుట్టూ చేరేవాళ్ళం, అది ఒక్కొక్క కాలు చాపి, మెడ చాపి, కళ్ళు మూసుకునేది. "ఎండ లేకపోతే డిప్ప మెత్తబడుద్ది పాపా, నీళ్ళల్లో ఉండేదే గదా అని నీళ్ళల్లో పారేస్తే ఎట్టా" అనేవాడు. నాకు తెలిసిన తాబేటి విద్యంతా ఆ ఒక్క ముక్కే, నేను కట్టించిన వాలూ, నాపరాయీ, అన్నీ ఆ ముక్కలోంచి వచ్చినవే. మొన్న వానలకి బావి ఒడ్డు ఒక పక్క కూలిపోయింది, పంచాయతీ వాళ్ళు చేతిపంపు వేశారు, రేపు సోమవారం బండ్లతో మట్టి తోలి బావి పూడ్చేస్తారు. దొరసాని ఎక్కడికి పోవాలి అంటే పేటలో ఇద్దరు కూర వండుకుందాం అన్నారు, సగం నవ్వులాటకే అన్నారు, మిగతా సగం గురించే నా భయం. మా నాన్న ఇవాళ ఆఖరిసారి గంప దించి దాన్ని పైకి తీసి, ఎండలో పెట్టి, తర్వాత నా బుట్టలో పెట్టాడు. పెట్టాక, పెద్ద ఇల్లు దొరికింది గదా నీకు అన్నాడు. అవును నాన్నా, చాలా పెద్ద దొడ్డి అన్నాను. ఎంత గర్వంగా అన్నానో.

చిల్లకల్లు దగ్గర బస్సు పెద్ద రోడ్డెక్కింది, చల్లటి గాలి, రెండు పక్కలా పత్తి, మిరప, కడిగినట్టున్న ఆకాశం, ముసురు వెళ్ళిపోయి పది రోజులైంది. నా పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది, కంచికచర్ల పోతోందిట, కూర్చోగానే బుట్టలో ఏమిటని అడిగింది, గోనెగుడ్డ కాస్త తొలగించి చూపించాను. ఆవిడ ఒక్కసారి వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు వంగి, దొరసాని డిప్పని వేళ్ళతో తాకి ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది, కూర్మావతారం అంది. దొరసాని ఆవిడ వంక ఒక కన్ను తెరిచి చూసింది. నాకు నవ్వాగలేదు, మా పేట బావిలో పెరిగి ఆదివారం ఆరాధన తప్పని తాబేలు, దానికి ఇవాళ నవాబుపేట రాకుండానే దణ్ణం దొరికింది. ఆవిడ సంతోషంగా నా వైపు తిరిగి, ఏ ఊరమ్మా, ఎవరి పిల్లవి అంది. ఆ రెండో ప్రశ్న నాకు బాగా తెలుసు, అది మా నాన్న పేరు కోసం వేసే ప్రశ్న కాదు. నందిగామలో టీచర్నండి అన్నాను. ఆవిడ సరే, టీచరువా అని కిటికీ వైపు తిరిగింది.

అదే ప్రశ్న నందిగామలో ఎనిమిది ఇళ్ళ ముందు వేయించుకున్నాను. టూలెట్ బోర్డు ఉండేది, ప్రశ్న అయ్యాక అది పొరపాటున ఉండిపోయిన బోర్డు అయ్యేది. తొమ్మిదో ఇల్లు భారతీదేవి గారిది, ఆవిడ ప్రశ్న వేశారు, నేను చెప్పాను, ఆవిడ కొంగు సర్దుకుని, వెనక కొట్టం గదిగా మార్పించాను, చూసుకో అమ్మాయ్ అన్నారు. ఒంటరి మనిషి, పెద్ద ఇల్లు, పశువుల్ని అమ్మేశాక దొడ్డంతా బావురుమంటోందని ఆవిడే తర్వాత చెప్పారు. తాబేలు సంగతి కూడా నేను దాచలేదు, తొట్టి వాడుకుంటానండీ, మా ఊరినుంచి తాబేలుని తెచ్చుకుంటాను అని అడిగితే పెద్దగా నవ్వి, తాబేలు ఇంట్లోకి రాకూడదమ్మాయ్, దొడ్లో ఉంటే నాకేం అన్నారు. నేనూ నవ్వాను, నాకూ అదే షరతు కదా, ఇద్దరం దొడ్లో వాళ్ళమే. చెడ్డ మనిషి కాదు. నాకు జ్వరం వచ్చినప్పుడు మిరియాల చారు గుమ్మం దగ్గర పెట్టించారు. మొదటిరోజు నేను బిందె తీసుకుని బావి వైపు పోతుంటే, "నీళ్ళు నేను పోస్తాలే అమ్మాయ్, నీకెందుకు శ్రమ" అన్నారు, అంతే, ఇంకే మాటా అనలేదు. ఆ రోజు నుంచీ రోజూ పొద్దున్నే నా రెండు బిందెలు గట్టు కింద పెడతాను, ఆవిడ తోడి పైనుంచి, అంచుకి తగలకుండా, చక్కగా ధారగా పోస్తారు, నేను కాస్త దూరంగా నిలబడి, చాలండీ అంటాను. వంటకీ స్నానానికీ ఒంటి మనిషికి రెండు బిందెలు చాలు.

రెండు బిందెలు. బస్సు గౌరవరంలో ఆగింది, ఎవరో దిగారు, ఎవరో పత్తి మూట ఎక్కించారు, నేను మాత్రం ఆ రెండు బిందెల దగ్గరే ఆగిపోయాను. తొట్టి నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, సగం లోతు వరకు నింపినా పదహారు బిందెలు, ఇసుకా ఇటుకలూ తీసేస్తే పద్నాలుగు, ఈ లెక్క నేను ఎన్నోసార్లు వేశాను, బోర్డు మీద వేసినంత శుభ్రంగా వేశాను, పద్నాలుగు బిందెలు అని తేల్చి సుద్దముక్కతో గోడ మీద రాసి కూడా పెట్టుకున్నాను. ఎవరు పోస్తారని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు. ముసురుకి తొట్టి దానంతటదే నిండింది, కొత్త సిమెంటు ఘాటు పోవాలని బిరడా లాగి వదిలేశాను, మళ్ళీ వాన, మళ్ళీ నిండింది, అలవాటైపోయింది నాకు, తొట్టి అన్నాక నీళ్ళుంటాయి అన్నట్టు, పుట్టినప్పటినుంచీ సొంత బావి గట్టు మీద ఆడుకున్న దానికి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయన్న ఆలోచన ఎందుకు వస్తుంది. మొన్న శుక్రవారం సాయంత్రం, దొరసాని వస్తోంది, పాచి నీళ్ళెందుకు, కొత్త నీళ్ళు పోద్దాం అని చేతులారా బిరడా లాగేశాను. గలగలా పోతుంటే చప్పట్లు కొట్టినంత సంతోషపడ్డాను, కొబ్బరి పీచుతో తోమి, ఆరబెట్టి మరీ వచ్చాను. మా ఆరో తరగతిలో ఇంత తెలివితక్కువ పిల్ల లేదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు, ముందు నవ్వే వచ్చింది, కంచికచర్ల ఆవిడ నా వంక చూసింది. నవాబుపేట. రోజుకి రెండు బిందెల్లో ఒకటి దానికి పోస్తే పద్నాలుగు రోజులు, ఈలోగా ఎండకి ఆవిరి, నాకు స్నానం లేదు, బడికి స్నానం లేకుండా పోతే ఎనిమిది ఇళ్ళవాళ్ళూ మేమనుకున్నదే నిజం అంటారు. ఆవిడనే పద్నాలుగు బిందెలు తోడి పొయ్యమందామా, అరవై ఏళ్ళ మనిషి, తాబేలు కోసం, పైగా మూడు రోజులకోసారి నీళ్ళు మార్చాలి. వాన కోసం చూద్దామా, కార్తీకం వెళ్ళాక వానేమిటి. ఏటి నుంచి మోసుకొద్దామంటే మునేరు రెండు మైళ్ళు. దొరసానిని వెనక్కి తీసుకుపోదామా, రేపు పొద్దున్న మట్టి బండ్లు. ఒక్కొక్క దారీ వెతికి మూసేసుకుంటూ వస్తుంటే చివరికి ఒక్కటే మిగిలింది, చేద, గిలక, బావి, నా గది గుమ్మం నుంచి పన్నెండు అడుగులు. ఆవిడ వద్దనలేదు, మూడు నెలల్లో ఒక్కసారీ తోడుకోవద్దని అనలేదు, నీకెందుకు శ్రమ అన్నారు, దాని అర్థం నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకి తెలుసు, ఆవిడ సగం చెప్తే మిగతా సగం నేనే పూర్తిచేసి, పొద్దున్నే వెళ్ళి బుద్ధిగా బిందెలు కింద పెట్టుకున్నాను. మా అమ్మ ఊరి బావి దగ్గర నిలబడినట్టు. లెక్కల టీచరుని, నిలబడ్డాను. నా మీద నాకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు, చిత్రం, ఆ కోపంలో కూడా ఏదో హుషారు.

మా నాన్న ఎన్ని బావులు తవ్వాడో, ఆయనే లెక్క చెప్పలేడు. జల పడ్డాక రైతు పసుపు కుంకాలు వేసి, తవ్వినవాళ్ళకి కొత్త పంచెలు పెట్టి పంపిస్తాడు, ఆ పూటతో సరి, మర్నాడు దప్పికై ఆ బావికే పోతే గట్టు కింద దోసిలి పట్టాల్సిందే. బాధగా ఉండదా నాన్నా అని చిన్నప్పుడు అడిగితే ఆయన పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వాడు. "నీళ్ళు పడంగానే లోపల నేను గాక ఇంకెవురుంటారు పాపా, ముందు దోసిలితో నేను తాగుతా. ఆ పైవాళ్ళు తరతరాలు తాగేది నా ఎంగిలే" అన్నాడు. అది ఆయన నవ్వు, లోతులో ఎవరికీ కనపడకుండా నవ్వుకునే నవ్వు. నాకు అది చాలదు. అంబారుపేట వెళ్ళిపోయింది, అనాసాగరం వచ్చింది, గుండె బస్సు కన్నా ముందు పరిగెడుతోంది, తోడతాను, పట్టపగలు, ఆవిడ చూస్తుండగా, అడగను, చెప్తాను. ఇల్లు పోతుంది. పోతే పదో ఇల్లు, దొరుకుతుందో లేదో, దొరక్కపోతే జగ్గయ్యపేట నుంచి రోజూ ఇదే బస్సు, ఉద్యోగం నిలబడుతుందో లేదో, ఒళ్ళో తాబేలు. భయంగా ఉంది, నిజం, అయినా దిగాలని, త్వరగా దిగాలని ఒకటే తొందరగా ఉంది, పరీక్షకి బాగా చదువుకున్న రోజు ఉండే తొందర.

దిగాను. బస్టాండు నుంచి ఎలా నడిచానో గుర్తులేదు. భారతీదేవి గారు వెనక వసారాలో చాటలో కందిపప్పు వేసుకుని రాళ్ళు ఏరుతున్నారు. వచ్చావా అమ్మాయ్, ఏదీ నీ చుట్టం అన్నారు. బుట్ట దించి, గోనెగుడ్డ తీసి, దొరసానిని ఎత్తి నాపరాయి మీద పెట్టాను. అది తల బయటికి పెట్టి, ఒక్కొక్క కాలే దించి, వాలు మీద నేను గీసిన గీతల్ని పట్టుకుని, జారకుండా, నిమ్మళంగా కింది దాకా నడిచింది. ఎండిన ఇసుకలో ఆగి ముక్కు అటూ ఇటూ తిప్పింది, నీళ్ళ కోసం. ఇంక ఉండలేకపోయాను. బిందె తెచ్చాను. గట్టు కింద పెట్టలేదు, గట్టెక్కి పైన పెట్టాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అమ్మగారూ, తొట్టి నింపాలండీ. పద్నాలుగు బిందెలు పడతాయి. నేను తోడుకుంటాను."

చాట ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు, చూస్తే చెయ్యి ఆగుతుంది. వెనక చాట నేలమీద పెట్టిన చప్పుడు, లేచిన చప్పుడు, లోపలికి వెళ్ళిన అడుగులు, తలుపు. అయిపోయింది, ఇల్లు పోయింది అనుకున్నాను, అనుకుంటూనే చేద వదిలేశాను, గిలక గిర్రున తిరిగింది, తాడు నా అరచేతుల్ని కాలుస్తూ జారిపోయింది, లోపల ధబ్బున నీళ్ళ మోత, ఆ మోతకి నా ఒళ్ళంతా తేలికైపోయింది. చేదాను. చన్నీళ్ళు, కాళ్ళ మీద చిందాయి. బిందె నింపి, తీసుకెళ్ళి తొట్టిలో కుమ్మరించాను, ఇసుక తాగేసింది, చాలదు, చాలా కావాలి, దొరసాని మెడ నిలువునా చాపింది. మళ్ళీ పరిగెత్తాను. రెండోసారి చేద ఎత్తి వదలబోతుంటే వెనక తలుపు తెరుచుకుంది. భారతీదేవి గారు గడపలో నిలబడి ఉన్నారు, వట్టి చేతులతో, ముఖంలో ఏముందో నాకు తెలియలేదు, నేను చేద పట్టుకుని అలాగే ఉన్నాను, దించలేదు. ఆవిడ చూపు నా మీదనుంచి తొట్టి మీదికి, అక్కణ్ణుంచి బావి మీదికి పోయింది.

"ఒక్కసారిగా వదలకు అమ్మాయ్," అన్నారు. "ఆ తాడు పాతది."

చూశాను. నిజంగానే రెండు చోట్ల పీచు లేచి ఉంది. అట్లాగేనండీ అన్నాను. ఆవిడ మళ్ళీ వసారాలో కూర్చుని చాట ఒళ్ళోకి తీసుకున్నారు. నేను రెండో చేద మెల్లిగా దించాను.